లేవగానే పట్టిన మూత్రం చెప్పే కబురు

జపాన్‌లో ఏడాదికోసారి బడి పిల్లలు పుస్తకాలతోపాటు ఓ చిన్న సీసా కూడా తీసుకెళ్తారు. అందులో ఉండేది ఆ ఉదయం లేవగానే పట్టిన మూత్రం. 1973లో బడి ఆరోగ్య నిబంధనలు సవరించి, 1974 నుంచి ఈ పరీక్షను దేశమంతటా మొదలుపెట్టారు. అరవై ఏళ్ల వారికి కూడా అక్కడ ఇది చిన్ననాటి జ్ఞాపకమే.

ఇంత పట్టుదల ఎందుకంటే, కిడ్నీ జబ్బు తొందరగా బయటపడదు. నొప్పి ఉండదు, జ్వరం రాదు, పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు. ఒంటికి నీరు పట్టి ఆసుపత్రికి చేరేసరికి కొందరిలో కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి.

మూత్రంలో ఆ జబ్బు ఆనవాలు వెతకడం పాత విద్యే. 1827లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, ఒళ్లు వాచిన రోగుల మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కూ చెడిన కిడ్నీలకూ ఉన్న సంబంధాన్ని ప్రకటించాడు. అప్పట్లో చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మంట మీద కాచేవారు. ప్రొటీన్ ఉంటే విరిగేది. లక్షల మంది పిల్లలకు అలా కాచి చూడటం అయ్యే పని కాదు. 1957లో అమెరికాలో మైల్స్-ఏమ్స్ సంస్థ ఆల్బుస్టిక్స్ తెచ్చింది. ప్రొటీన్ తగిలితే పసుపు రంగు కాగితపు ముక్క ఆకుపచ్చగా మారుతుంది. దాని వెనుక హెలెన్, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతుల పరిశోధన ఉంది.

ఉదయపు మూత్రమే ఎందుకు? కొందరు పిల్లలకు పగలు నిలబడి తిరుగుతున్నప్పుడు కాస్త ప్రొటీన్ పోతుంది, రాత్రి పడుకుంటే ఆగిపోతుంది. అది జబ్బు కాదు. అందుకే పడుకునేముందు మూత్రం పోయించి, లేవగానే మళ్లీ పట్టమంటారు. తేడా కనిపిస్తే రెండోసారి చూస్తారు. అప్పటికీ ఉంటే వైద్యుడి దగ్గరకు పంపుతారు.

1968లో పారిస్‌లో జాన్ బెర్జే బృందం వర్ణించిన ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు జపాన్ పిల్లల్లో ఎక్కువగా ఈ పరీక్షల్లోనే దొరికింది. ముందే తెలియడంతో మందులు ముందే మొదలయ్యాయి. తైవాన్ 1990లో, దక్షిణ కొరియా 1998లో ఇదే దారి పట్టాయి.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాత్రం 2007లో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ మూత్ర పరీక్ష చేయాలన్న సిఫార్సును మానుకుంది. జబ్బు లేకున్నా తేడా చూపి కంగారుపెట్టే ఫలితాలే ఎక్కువన్నది అక్కడి వాదన. ఆ వాదనలో బలం ఉంది. రెండో పరీక్షా, ఆపై వైద్యమూ అందే ఏర్పాటు లేనిచోట మొదటి పరీక్ష కుటుంబానికి దిగులు తప్ప ఏమీ మిగల్చదు. జపాన్ ఫలితం రాబట్టింది ఆ ఏర్పాటు వల్లే.

పుట్టుకతోనే కిడ్నీలు సరిగా ఏర్పడని పిల్లలను మాత్రం ఈ కాగితం చాలాసార్లు పట్టుకోలేదు. వారికోసం పసితనంలోనే అల్ట్రాసౌండ్ చేయాలని వాదించే వైద్యులు ఉన్నారు.