కదలు నౌకకు గురి

విశాఖపట్టణపు సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామిని చూచినవారికి దాని ముందు గదిలోని టార్పీడో గొట్టములు జ్ఞాపకముండును. అవి ఫిరంగులవలె ఇటునటు తిరుగునవి కావు. నౌక దేహములో బిగింపబడినవి. వానినుండి వెలువడు టార్పీడో ఎంత వేగముగా పోయినను లక్ష్యమును చేరుటకు కొంతకాలము పట్టును. ఆ కాలములో లక్ష్యము నిలిచియుండదు. ఈ చిక్కును విప్పుటకు గత శతాబ్దపు నావికులు ఉపయోగించిన ఉపాయములు నేడు కంప్యూటరు ఆటలలో సజీవముగా ఉన్నవి.

రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా జలాంతర్గాములు వాడిన 14వ నమూనా టార్పీడో గంటకు 46 నాటికల్ మైళ్ళ వేగముతో పోగలిగెడిది. అనగా నిమిషమునకు 1,400 మీటర్లు. గంటకు 10 నాటికల్ మైళ్ళు నడచు సరకుల ఓడ ఆ నిమిషములోనే 300 మీటర్లు ముందునకు సాగును. ఓడను చూచి ఓడకే గురిపెట్టినచో టార్పీడో వట్టి నీటిలో పోవును. అర్జునుడు నీటిలోని నీడను చూచి పైనున్న మత్స్యయంత్రమును కొట్టెను. జలాంతర్గామి అధిపతియో, ఓడ ఇంకను చేరని చోటునకు గురిపెట్టవలెను.

అందులకు ఆయన మూడు సంగతులు తెలిసికొనవలెను. మొదటిది దూరము. ఓడ స్తంభము ఎత్తు ఎంతయో ముందుగా తెలిసియున్నచో, పెరిస్కోపులో అది ఎంత కోణముగా కనబడునో కొలిచి దూరమును లెక్కింపవచ్చును. రెండవది ఓడ ముఖము ఎటున్నదనునది; దీనిని కంటితోనే అంచనా కట్టవలెను. మూడవది వేగము. జలాంతర్గామిని దాదాపు కదలకుండ నిలిపి, పెరిస్కోపులోని నిలువు గీతను ఓడ మొదటినుండి చివరవరకు దాటుటకు ఎన్ని సెకండ్లు పట్టునో చూడవలెను. 120 మీటర్ల ఓడకు 24 సెకండ్లు పట్టినచో దాని వేగము సెకండుకు 5 మీటర్లు. అనగా గంటకు రమారమి 10 నాటికల్ మైళ్ళు.

ఈ అంకెలను కలిపి గురిని నిర్ణయించుటకు తొలుత చేతితో త్రిప్పెడి వృత్తాకారపు లెక్కపలకలు ఉండెడివి. అమెరికా నావికులు అట్టిదానికి 'ఇజ్-వాజ్' అని పేరిడిరి. ఓడ ఇప్పుడెక్కడ ఉన్నది, ఇంతకుముందెక్కడ ఉండెను అను రెండు ప్రశ్నలే ఆ పేరు. తరువాత పండ్లచక్రములతోను విద్యుత్తుతోను నడచు గణనయంత్రము వచ్చినది. అది ఓడ గమనమును ఎడతెగక లెక్కించుచు టార్పీడోకు దిశను అందించెడిది. అయినను యంత్రమునకు అంకెలు ఇచ్చునది మనుష్యుని కన్నే.

1985లో వెలువడిన 'సైలెంట్ సర్వీస్', 1996లో ఆరంభమైన 'సైలెంట్ హంటర్' వరుస మొదలగు ఆటలు ఈ విద్యను ఇండ్లలోనికి తెచ్చినవి. వీనిలో గురిని కంప్యూటరుకే వదలివేయవచ్చును. కాని పట్టుదల గల ఆటగాండ్రు ఆ సౌకర్యమును త్రోసిపుచ్చి, గడియారమును, ఓడల పట్టికను దగ్గర నుంచుకొని తామే లెక్కలు కట్టుచుందురు.

వారికి మిక్కిలి ప్రియమైన పద్ధతి యొకటి కలదు. ఓడ మార్గమునకు లంబముగా జలాంతర్గామి ముఖమును నిలుపుదురు. ఓడ వచ్చువైపునకు పెరిస్కోపును 12 డిగ్రీలు త్రిప్పి అచ్చటనే ఉంచుదురు. 46కు 10 అను వేగముల నిష్పత్తికి సరిపడు కోణమది. ఓడ ఆ గీతను తాకిన క్షణముననే టార్పీడోను విడుతురు. దూరము తెలియనక్కరలేదు, ఓడ దగ్గరనున్నను దూరమున ఉన్నను త్రిభుజపు ఆకారము మారదు, పరిమాణము మాత్రమే మారును. ఈ పద్ధతికి వారు 'టాంగ్' జలాంతర్గామి అధిపతియైన రిచర్డ్ ఒకేన్ పేరు పెట్టుకొనిరి.

లెక్క సరియైనంత మాత్రమున పని సిద్ధించునా? చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది. 1943 జూలై 24న 'టినోసా' అను అమెరికా జలాంతర్గామి 'తోనన్ మారు 3' అను జపాను ఓడను నిలువరించినది. ఆపైన కదలని ఆ ఓడ ప్రక్కకు నిట్టనిలువు కోణమున టార్పీడోలను ఒక్కొక్కటిగా ప్రయోగించిరి. అవి తగిలినవి గాని పేలలేదు. అధిపతి చివరి టార్పీడోను పరీక్షకై పెర్ల్ హార్బరుకు తీసికొనిపోయెను. సూటిగా తగిలినప్పుడే పేలుడు సూది వంగిపోవుచున్నదనియు, ఏటవాలుగా తగిలినచో పేలుచున్నదనియు పరీక్షలలో తేలినది. పుస్తకము మెచ్చిన గురియే నిష్ఫలమైనది!

ఒకేన్‌కు పట్టిన గతి ఇంతకంటె దారుణము. 1944 అక్టోబరు 25న తైవాను జలసంధిలో 'టాంగ్' తన కడపటి టార్పీడోను విడిచినది. అది దారితప్పి, గుండ్రముగా తిరిగివచ్చి తన నౌకనే తాకినది. అందున్న 87 మందిలో 78 మంది మరణించిరి. ఒకేన్‌తో కూడ బ్రదికిన తొమ్మిదిమంది జపానువారికి బందీలై యుద్ధాంతమువరకు చెరలో ఉండిరి.

పేలని టార్పీడోలను సైతము ఈ ఆటలలో కొన్ని అనుకరించుచున్నవి. అందుచేత ఆడువారు సహనమును, అంచనా కట్టు నేర్పును, యంత్రమును గ్రుడ్డిగా నమ్మరాదను వివేకమును కొంత అలవరచుకొందురు. అది మేలే. కాని ఆటలో గురి తప్పినవాడు మరల మొదటినుండి ఆరంభించును. పెరిస్కోపు గీతను దాటిపోవు ఓడలో ఎందరు నావికులున్నారో ఆ తెర చెప్పదు. ఒకేన్ పేరిట ఆ గీతను దిద్దుకొను ఆటగాడు, ఆయన వెంట తిరిగిరాని 78 మందిని కూడ ఆ లెక్కలో చేర్చుకొనుట ఉచితము.