కిట్ కారు

కిట్ కారు అనగా తయారీదారు పూర్తి వాహనంగా కాక విడిభాగాల కట్టగా అమ్మగా, కొన్నవారే స్వయంగా కూర్చుకొనే కారు. సాధారణంగా ఈ కట్టలో చట్రము, పైతొడుగు, కొన్ని ప్రత్యేక భాగాలు మాత్రమే ఉంటాయి. ఇంజను, గేర్‌బాక్సు, స్టీరింగు, బ్రేకులు మొదలైనవి ఏదైనా పాత కారు నుండి విప్పి తెచ్చుకోవలసి ఉంటుంది. ఆ పాత కారు ఈ వ్యాసంలో "మూలకారు" అని వ్యవహరించబడినది. కిట్ కార్లలో అనేక రకాలున్నా, రేసు పథంపై నడపడానికి ఉద్దేశించిన తేలికపాటి రెండు సీట్ల, ఒంటి సీటు కార్లే ఎక్కువ ప్రసిద్ధి చెందినవి.

చరిత్ర

ఈ తరగతికి మూలపురుషుడుగా బ్రిటిషు ఇంజనీరు కోలిన్ చాప్‌మన్‌ను చెప్పుకోవాలి. ఆయన స్థాపించిన లోటస్ సంస్థ 1957లో లోటస్ సెవెన్ అనే కారును విడుదల చేసింది. తలుపులు లేవు, గట్టి పైకప్పు లేదు, బరువు అర టన్నుకు అటూ ఇటూ. ఆనాటి బ్రిటనులో పూర్తిగా తయారైన కారుపై కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలపై ఉండేది కాదు. అందువలన సెవెన్‌ను ఎక్కువమంది విడిభాగాలుగానే కొనేవారు. కారును కూర్చే విధానం తెలిపే పుస్తకం జతచేస్తే పన్ను పడుతుందని, కారును ఎలా విప్పాలో తెలిపే పుస్తకం ఇచ్చేవారని, కొన్నవారు దానిని చివరి పుట నుండి వెనక్కు చదువుకొనేవారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1973లో ఆ పన్ను స్థానంలో విలువ ఆధారిత పన్ను రావడంతో ఈ వెసులుబాటు పోయింది. అదే సంవత్సరం సెవెన్ నిర్మాణ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు చేరాయి.

1996లో రాన్ చాంపియన్ అనే ఉపాధ్యాయుడు 250 పౌండ్ల ఖర్చుతో స్పోర్ట్స్ కారును తయారు చేసుకొనే విధానంపై ఒక పుస్తకం వ్రాశాడు. ఇనుప గొట్టాలు కోసి, వెల్డింగు చేసి చట్రాన్ని కూడా సొంతంగా కట్టుకొనే పద్ధతి ఈ పుస్తకం వల్ల ప్రాచుర్యం పొందింది. ఇలా కట్టిన కార్లను "లోకాస్ట్" కార్లు అంటారు. అందులో చెప్పిన మూలకారు ఫోర్డ్ ఎస్కార్ట్. భారతదేశంలో ఆ స్థానం మారుతి 800కు దక్కింది.

ఫార్ములా మారుతి

తెలుగువారికి సంబంధించినంత వరకు ఈ చరిత్రలో ముఖ్యమైన ఊరు కోయంబత్తూరు. శతాబ్దాల క్రితం కొంగునాడుకు తరలి వెళ్ళిన తెలుగు నాయుడు కుటుంబాలు అక్కడ నూలు మిల్లులు, పంపుసెట్ల కర్మాగారాలు నెలకొల్పాయి. లేతు యంత్రము, పోతపోసే కొలిమి ప్రతి వీధిలో దొరికే ఊరిలో కారు కట్టాలనే ఆలోచన పుట్టడంలో వింత లేదు. ఆ కుటుంబాలలోనే పుట్టిన జి.డి.నాయుడు (1893-1974) 1950లలోనే రెండు వేల రూపాయల ధరకు రెండు సీట్ల కారును తయారు చేయాలని ప్రయత్నించగా, ప్రభుత్వ అనుమతి లభించలేదని ఆయన జీవితచరిత్రకారులు వ్రాశారు.

లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్.కరివర్ధన్ (1954-1995) స్వయంగా రేసు డ్రైవరు, కార్ల రూపకర్త. అప్పట్లో రేసు కారు విదేశాల నుండి రావాలి, లేదా ఉన్న ప్యాసింజరు కారునే చెక్కి సరిచేసుకోవాలి. మొదటిది ధనికులకే సాధ్యము, రెండవది ఎంత చెక్కినా బరువుగానే ఉండేది. కరివర్ధన్ 1980ల చివర ఒంటి సీటు చట్రంలో మారుతి 800 ఇంజను అమర్చి, అదే నమూనాలో అనేక కార్లు తయారు చేయించాడు. ఈ తరగతికి ఫార్ములా మారుతి అని పేరు. అందరి కార్లూ ఒకే రకం కావడంతో గెలుపు డబ్బు మీద కాక డ్రైవరు మీద ఆధారపడింది. నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు ఈ కార్లలోనే వేశాడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు. ఫార్ములా వన్ చేరిన రెండవ భారతీయుడు కరుణ్ చందోక్ కూడా 2000లో ఫార్ములా మారుతిలోనే పేరు తెచ్చుకున్నాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు సమీపంలోని చెట్టిపాళయంలో 2003లో ప్రారంభమైన 2.1 కిలోమీటర్ల రేసు పథానికి ఆయన పేరిట కరి మోటార్ స్పీడ్‌వే అని నామకరణం చేశారు. ఫార్ములా మారుతి కచ్చితమైన అర్థంలో కిట్ కారు కాకపోయినా, ఊరి గ్యారేజీలో దొరికే భాగాలతో తేలికైన చట్రాన్ని కలపడమనే సూత్రం రెండింటికీ ఒక్కటే.

బరువు

తేలికపాటి కారు వేగం పుంజుకోవడంలోనే కాక ఆగడంలో, మలుపు తిరగడంలో కూడా మేలైనది. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు, దాని 796 సీసీ ఇంజను శక్తి సుమారు 37 అశ్వశక్తులు. అనగా ప్రతి 100 కిలోలకు 5.7 అశ్వశక్తులు. అదే ఇంజనును ఏ మార్పూ చేయకుండా 400 కిలోల కారులో పెడితే 9 దాటుతుంది. ఇంజను శక్తిని పెంచి ఇదే ఫలితం సాధించాలంటే 60 అశ్వశక్తులు కావాలి. అప్పుడు క్లచ్చు, గేర్‌బాక్సు, రేడియేటరు, బ్రేకులు అన్నీ మార్చవలసి వస్తుంది.

బ్రేకుల విషయంలో తేడా ఇంకా స్పష్టము. గంటకు 100 కి.మీ. వేగంతో పోతున్న 1000 కిలోల కారును ఆపడానికి బ్రేకులు సుమారు 386 కిలోజౌళ్ళ శక్తిని వేడిగా మార్చాలి. 500 కిలోల కారుకు అందులో సగం చాలు. పథంపై ప్రతి చుట్టులోను అయిదారు చోట్ల గట్టిగా బ్రేకు వేయవలసి ఉంటుంది కనుక, బరువైన కారులో కొన్ని చుట్లకే బ్రేకు ద్రవం మరిగి పెడలు మెత్తబడుతుంది. తేలిక కారుకు సన్నని టైర్లే మేలు. వెడల్పు టైర్లు దాని బరువుకు వేడెక్కవు, వేడెక్కని టైరుకు పట్టు ఉండదు. అందానికి వెడల్పు టైర్లు తగిలించి మలుపులో జారిపోయే కార్లు తక్కువేమీ కాదు.

500 కిలోల కారులో 70 కిలోల డ్రైవరు ఏడో వంతు బరువు. కనుక బరువు సరిచూసేటపుడు డ్రైవరు సీటులో కూర్చొనే ఉండాలి.

ఎంపిక

మొదట నిర్ణయించవలసినది ఇంజను స్థానము. లోటస్ సెవెన్ తరహా కారులో ఇంజను ముందు ఉండి వెనుక చక్రాలను నడుపుతుంది. దీనికి నిలువుగా అమరే ఇంజను, వెనుక ఇరుసు ఉన్న మూలకారు కావాలి. పాత అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, మారుతి ఓమ్ని, జిప్సీ ఈ కోవలోనివి. మహారాష్ట్రలోని చింకారా మోటార్స్ సంస్థ తయారు చేసిన సెవెన్ తరహా రోడ్‌స్టరులో అంబాసిడరుకు వాడిన 1800 సీసీ ఇసుజు ఇంజనునే అమర్చారు. మారుతి 800, స్విఫ్ట్ వంటి కార్లలో ఇంజను, గేర్‌బాక్సు ఒకే ముద్దగా అడ్డంగా ఉండి ముందు చక్రాలను నడుపుతాయి. ఆ ముద్దను అలాగే తెచ్చి సీటు వెనుక అమర్చితే వెనుక చక్రాలను నడిపే కారు తయారవుతుంది. పొడవైన షాఫ్టు, బరువైన ఇరుసు రెండూ తప్పుతాయి.

మోటారుసైకిలు ఇంజను చాలా తేలిక, దానిలోనే గేర్‌బాక్సు ఇమిడి ఉంటుంది. అయితే మలుపులో మోటారుసైకిలు వాలుతుంది కనుక ఇంజను అడుగున ఉన్న నూనె తన స్థానంలోనే ఉంటుంది. కారు వాలదు, నూనె ఒక పక్కకు పోయి, పంపు గాలిని పీల్చి, బేరింగులు కాలిపోతాయి. అందుకే నూనె తొట్టిలో అడ్డుపలకలు అమర్చాలి. పైగా ఈ ఇంజన్లలో ఎక్కువ వాటికి రివర్సు గేరు ఉండదు. దేశంలోని ఇంజనీరింగు విద్యార్థులు ఫార్ములా భారత్, సుప్రా పోటీలకు కట్టే కార్లలో కెటిఎమ్ 390 ఇంజను విరివిగా కనిపిస్తుంది.

నమూనా ఎంత గొప్పదైనా దాని బ్రేకు పట్టీలు, బేరింగులు, క్లచ్చు పలక సికింద్రాబాదు రాణీగంజ్ దుకాణాలలో దొరకకపోతే మొదటి సీజనులోనే కారు షెడ్డుకు చేరుతుంది. కొత్తవారు ఇంజను గురించి నెలల తరబడి ఆలోచించి, ఈ విషయాన్ని చివరకు వదిలివేయడం పరిపాటి. నిర్ణయానికి ముందు అటువంటి కారులో ఒకసారి హెల్మెట్ పెట్టుకొని కూర్చొని చూడటం కూడా అవసరమే. ఆరడుగుల మనిషి మోకాళ్ళు స్టీరింగు కింద పట్టకపోవచ్చు.

నిర్మాణము

లోకాస్ట్ తరహా చట్రానికి 25 మి.మీ. చదరపు ఇనుప గొట్టాలు, 1.6 మి.మీ. మందముతో వాడతారు. ఈ గొట్టము మీటరుకు సుమారు 1.2 కిలోలు తూగుతుంది. 50 మీటర్లు పడితే 60 కిలోలు. "గట్టిగా ఉంటుంది" అని 2 మి.మీ. మందం వాడితే 13 కిలోలు పెరుగుతుంది కాని, చట్రం దృఢత్వం అంతగా పెరగదు. దృఢత్వానికి మూలం గొట్టపు మందము కాదు, త్రిభుజాల అమరిక. నలుచదరపు గడి పక్కకు వాలిపోతుంది. అందులో ఒక ఏటవాలు గొట్టం వేస్తే ఇక కదలదు. చట్రం మెలి తిరిగితే సస్పెన్షన్‌ను ఎంత సవరించినా ఉపయోగం ఉండదు.

గొట్టాలన్నిటిని సమతలమైన బల్లపై అమర్చి మొదట చుక్క వెల్డింగుతో నిలపాలి. కర్ణాలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో కొలిచిన తరువాతే పూర్తి వెల్డింగు చేయాలి. అది కూడా ఒకే వైపు వరుసగా చేయకూడదు. వేడికి లోహం సాగి, చల్లారినపుడు కుంచించుకొని చట్రాన్ని తన వైపు లాగుతుంది. ఎడమ మూల ఒక అతుకు, కుడి మూల ఒక అతుకు చొప్పున మార్చి మార్చి చేయడం దీనికి విరుగుడు. అతుకును పైపైన సాన పట్టి నునుపు చేస్తే చూపుకు బాగుంటుంది. కాని బలము కొంత సానకే పోతుంది.

వేగంగా పోతూ బ్రేకు వేసినపుడు ముందు చక్రాలే మొదట పట్టుకొనేలా బ్రేకుల పంపకం ఉండాలి. వెనుక చక్రాలు ముందుగా పట్టుకుంటే కారు గిరగిర తిరుగుతుంది. మూలకారులోని బ్రేకుల అమరిక ఆ కారు బరువుకు తగినది. బరువు తగ్గి, ఇంజను వెనక్కు మారిన కొత్త కారుకు అది సరిపోదు. ఈ ఒక్క కారణంగానే, బ్రేకులు బాగా పనిచేస్తున్న పాత కారు నుండి భాగాలు యథాతథంగా తెచ్చినవారు కూడా మొదటి పరుగులోనే ప్రమాదానికి గురికావచ్చు. కనుక పంపకాన్ని సవరించే మీట తప్పనిసరి.

బోల్టులను నిర్ణీత బలముతో బిగించి, తలపై రంగు గీత గీస్తారు. గీత చెదిరితే బోల్టు వదులైనట్లు చూడగానే తెలుస్తుంది. మొదటి రోజు పథంపై అయిదు చుట్లకు ఒకసారి ఆగి గీతలు చూసుకోవడం అనుభవజ్ఞుల అలవాటు.

భద్రత

తేలిక కారులో డ్రైవరు చుట్టూ ఇనుము తక్కువ. గాలిసంచులు ఉండవు. కనుక తల వెనుక హెల్మెట్ కంటే ఎత్తైన రోల్ బార్, దానిని ఊతమిచ్చే వెనుక కడ్డీలు, ఆరు చోట్ల బిగిసే బెల్టు, అగ్నిమాపకము, బయటి నుండి కూడా నొక్కగలిగే విద్యుత్ నిలుపు స్విచ్చు అవసరము. బరువు తగ్గించే ఉత్సాహంలో కోయకూడనివి ఇవే. రోల్ బార్‌కు అతుకు లేని గొట్టం వాడాలి. నీళ్ళ పైపుతో చేసినది ప్రమాదంలో నలిగిపోతుంది.

చట్టము

భారతదేశంలో ఒక వాహన నమూనాను రహదారిపై నడపాలంటే కేంద్ర మోటారు వాహన నియమాలలోని 126వ నియమం ప్రకారం గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరణ ఉండాలి. వేల సంఖ్యలో అమ్మే తయారీదారుకు తప్ప, ఒక్క కారు కట్టుకొనే వ్యక్తికి ఈ ఖర్చు భరించరానిది. బ్రిటనులో ఇటువంటి ఒంటి కార్లకు 1998 నుండి ప్రత్యేక పరీక్ష ఉన్నది. పాత కారు రిజిస్ట్రేషనుతో కొత్త కారును నడపడానికి మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను అడ్డము. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. ఫలితంగా ఇక్కడ ఇంట్లో కట్టిన కారుకు రేసు పథమే చోటు.

హైదరాబాదులో

హైదరాబాదు పాతబస్తీకి చేతితో కట్టిన కార్ల సంప్రదాయం లేకపోలేదు. బహదూర్‌పురాలో జంతుప్రదర్శనశాల సమీపంలోని సుధా కార్ల మ్యూజియంలో కె.సుధాకర్ పాత సామానుతో తయారు చేసిన క్రికెట్ బంతి, కెమెరా, బర్గరు, చేతిసంచి, ఎత్తుమడమ చెప్పు ఆకారాల వాహనాలు ఉన్నాయి. ఇవి చూపుడు బొమ్మలు కావు, ఇంజనుతో నడుస్తాయి. 2005లో ఆయన కట్టిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తైన మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డు పొందింది. వీటికి రేసుతో సంబంధం లేదు. కాని చట్రాన్ని వంచి, అతికి, పాత ఇంజనును కొత్త ఆకారంలో ఇమిడ్చే పనితనం మాత్రం ఒకటే.

పథము విషయంలో నగరానికి అంత అదృష్టం లేదు. హుస్సేన్ సాగర్ తీరాన తాత్కాలికంగా ఏర్పరచిన వీధి పథంపై 2022లో ఇండియన్ రేసింగ్ లీగ్ పోటీలు, 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ పోటీ జరిగాయి. 2024లో జరగవలసిన ఫార్ములా ఈ రద్దయింది. పెద్ద పథం కావాలనుకొనేవారు 1990లో ప్రారంభమైన చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై పథానికో, కోయంబత్తూరుకో పోవలసి ఉంటుంది. చెన్నై 600 కిలోమీటర్ల పైమాటే.

అంత దూరం కారును నడిపించుకొని పోవడానికి చట్టం ఒప్పుకోదు, చట్రం కూడా ఒప్పుకోదు. పథం కారు అడుగు నేల నుండి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ప్రామాణిక స్పీడు బ్రేకరు ఎత్తు కూడా 10 సెంటీమీటర్లే. లాల్‌దర్వాజా, షాలిబండ వంటి వాడలలో ఇరుకు గల్లీ, ఎత్తుపల్లాల బాట తోడవుతాయి. ఇంటి ముంగిట షెడ్డులో కారు కట్టదలచినవారు గల్లీ వెడల్పును ముందే కొలుచుకోవాలి. సుమారు 3.3 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు గల సెవెన్ తరహా కారు డీసీఎం వాహనంలో సులువుగా పడుతుంది; అయితే ఆ డీసీఎం నిలిచే పెద్ద రోడ్డు వరకు కారును చేతులతో తోసుకొని పోవలసినదే. అందుకు నలుగురు మనుషులు చాలు.