అప్పు చేయని రైలుదారి

పంతొమ్మిదో శతాబ్దం చివరినాటికి ఒట్టోమన్ సామ్రాజ్యంలో రైలు అంటే చాలావరకు యూరపు పెట్టుబడే. 1875లో అప్పులు తీర్చలేనని ప్రకటించిన ఆ ప్రభుత్వం, 1881లో రుణదాతల ప్రతినిధులతో ఏర్పడిన సంస్థకు ఉప్పు, పట్టు, స్టాంపుల వంటి రాబడులను అప్పగించవలసివచ్చింది. రైలుదారులు వేసిన పలు విదేశీ కంపెనీలకు కిలోమీటరుకు ఇంత అని కనీస ఆదాయం హామీ ఇచ్చింది. బళ్ళు ఖాళీగా తిరిగినా ఆ లోటు ఖజానాయే పూడ్చాలి.

1900లో సుల్తాను రెండవ అబ్దుల్ హమీద్ డమాస్కస్ నుంచి మదీనా మీదుగా మక్కాకు రైలుదారి తలపెట్టినప్పుడు, విదేశీ రుణం లేకుండా కట్టాలన్న పట్టుదలకు కారణం ఈ అనుభవమే. ఉద్యోగుల జీతాల్లో కోత, ప్రత్యేక స్టాంపులు, బలిపశువుల చర్మాల అమ్మకం, సైనికుల శ్రమ ఇందుకు తోడ్పడ్డాయి. నిర్మాణకాలంలో వచ్చిన రాబడిలో సుమారు మూడో వంతు ప్రపంచ ముస్లిముల విరాళాలు.

ఆ విరాళాల చరిత్రలో హైదరాబాదు పేరు కూడా ఉంది. ఇక్కడ వసూళ్ళకు పూనుకున్న ప్రముఖుడు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అరబ్బీ గ్రంథాల ప్రచురణకు 1888లో నెలకొన్న దాయిరతుల్ మారిఫ్ స్థాపకుల్లో ఆయన ఒకరు, కాంగ్రెసును సమర్థించినవారు కూడా. పంజాబులో పత్రికాసంపాదకుడు ముహమ్మద్ ఇన్షాఅల్లా ఇదే పనికి పూనుకున్నారు.

డబ్బు యూరపుది కాకపోయినా, సాంకేతిక నైపుణ్యం చాలావరకు అక్కడిదే. ప్రధాన ఇంజనీరు మైస్నర్ జర్మను. ఇంజన్లు ఎక్కువగా జర్మనీ నుంచి వచ్చాయి. అల్ ఉలా దాటిన తరువాత, ముస్లిమేతరులకు ప్రవేశం లేని భాగంలో మాత్రం ముస్లిము ఇంజనీర్లే పని పూర్తిచేశారు. 1908 సెప్టెంబరు 1న మదీనా స్టేషను ప్రారంభమైంది. నలభై రోజుల ఒంటె ప్రయాణం కొద్ది రోజులకు తగ్గింది.

అయితే ఆ దారి మక్కా చేరనేలేదు. యాత్రికులకు ఒంటెలు బాడుగకిచ్చి, దారిలో రక్షణకు సొమ్ము పుచ్చుకుని బతికే తెగలకు రైలు వల్ల జీవనాధారం పోతుంది. మక్కా షరీఫు అధికారానికీ అది ముప్పే. దూరదేశాల దాతలు ఇచ్చిన సొమ్ములో ఈ నష్టానికి పరిహారమేదీ లేదు. 1916 అరబ్బు తిరుగుబాటులో పట్టాలు పేలిపోయాయి. యుద్ధం ముగిశాక, రుణదాతలను దూరంగా ఉంచిన ఆ దారిలో ఉత్తర భాగాలు ఫ్రాన్సు, బ్రిటన్ల పాలనలోకే వెళ్ళాయి. హిజాజ్ భాగాన్ని బాగుచేసే ప్రయత్నం 1960లలో మొదలై, 1967 యుద్ధంతో ఆగిపోయింది. మదీనా స్టేషను నేడు మ్యూజియం.

హైదరాబాదు సొమ్ముతో హిజాజ్‌లో వెలసిన మరొక ఏర్పాటుతో దీన్ని పోల్చి చూడవచ్చు. మక్కా, మదీనాలలో నిజాం రుబాత్‌లనే యాత్రికుల వసతిగృహాలు వెలిశాయి. ఇవి ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో మొదలయ్యాయని చెబుతారు. సంస్థానపు రాబడిలో ప్రధానమైనది భూమిశిస్తు. కనుక ఈ దానాల వెనుక తెలుగు, మరాఠీ, కన్నడ రైతుల కష్టం ఉన్నదని మరువరాదు. రుబాత్ వక్ఫు ఆస్తి. దాన్ని చూసుకునే నాజిర్ ఉంటాడు, ఎవరికోసమో కూడా స్పష్టం. మసీదు విస్తరణలో పాత భవనాలు పోయినా ఏర్పాటు పోలేదు. పూర్వపు హైదరాబాదు రాజ్యప్రాంతాల యాత్రికులను చీటీ తీసి ఎంపికచేసి, మక్కాలో ఉచిత వసతి ఇవ్వడం మన కాలందాకా వచ్చింది.

రైలుదారిని కూడా వక్ఫుగానే భావించారు. 1923లో లోజాన్ చర్చల నాటికి దాని ధార్మిక స్వభావాన్ని బ్రిటన్, ఫ్రాన్సులు అంగీకరించాయి కూడా. కానీ దాతల తరఫున దాన్ని నడిపే అధికారం గల నాజిర్ అప్పటికి ఎవరూ లేరు. నిధి ఎవరిదన్న ప్రశ్నకు సుల్తాను గట్టి జవాబే చెప్పాడు. కట్టినదాన్ని రేపు ఎవరు కాపాడతారు, దానివల్ల నష్టపోయేవారికి ఏమి దక్కుతుంది అన్నవి మాత్రం జవాబులేని ప్రశ్నలుగానే మిగిలాయి.