డిస్కులో జాగా

2003 ప్రాంతంలో కడప ఏడురోడ్ల దగ్గర మా రిపేరు అంగడికి 40 జీబీ హార్డ్‌డిస్కున్న కంప్యూటర్ వచ్చిందంటే గొప్పే. ఇంజనీరింగు పిల్లోళ్లు యూనిక్స్ ల్యాబు కోసం లినక్స్ ఎక్కించమని తెచ్చి, "అన్నా, డీ డ్రైవులో 15 జీబీ ఉంటే జాగా లేదంటాంది సూడు" అనేవాళ్లు. వాళ్ల మాటా, లినక్స్ మాటా నిజమే. ఆ ఖాళీ విండోస్ పట్టా పొలంలోని బీడు. లినక్స్‌కు కావాల్సింది ఎవరి పేరునా లేని బంజరు.

అప్పటి విండోస్ ఎక్స్‌పీకి పార్టిషన్ తగ్గించడం సొంతంగా రాదు. డీలోని పాటలు, సినిమాలు సీడీల్లోకి ఎత్తి, దాన్ని చెరిపి, రెండు ముక్కలు చేసేవాళ్లం. సాయంత్రమంతా దానికే సరి. 2007లో విస్టా ఆ వీలు తెచ్చింది గానీ, ఖాళీ ఎంతున్నా కొంచెమే వదిలేది. పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైలు మధ్యలో తిష్ఠవేసి కదిలేవి కావు. రెండూ ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ అడిగితే దారికొచ్చేది.

2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. మా బల్లమీదా ల్యాప్‌టాప్‌లు పెరిగాయి, తకరారు మారింది. డిస్కు ముక్కల పట్టిక రాసే పాత ఎంబీఆర్ పద్ధతిలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. రికవరీ, టూల్స్ అంటూ కంపెనీవాళ్లే నాలుగూ నింపి పంపితే, సగం డిస్కు ఖాళీగా ఉన్నా ఐదోది పుట్టదు. రికవరీని డీవీడీల్లోకి దింపి, ఆ చోట, లోపల మరిన్ని ముక్కలు పట్టే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ పెట్టేవాళ్లం.

ఆ ఏడాదే ఉబుంటు 8.04తో వూబీ వచ్చింది: విండోస్‌లోనే ఒక ఫైలుగా లినక్స్. నాకెప్పుడూ నచ్చలేదు. కరెంటు గభాలున పోతే ఆ ఫైలే పాడయ్యేది. మా ఎండాకాలం కరెంటు సంగతి చెప్పాలా?

2012లో విండోస్ 8తో ఎంబీఆర్ బదులు జీపీటీ పద్ధతి మామూలైంది, 128 పార్టిషన్ల దాకా చోటు. ఇప్పుడు ఇరుకంతా బూట్ ఫైళ్లుండే 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్లోనే.