రైతు బజారు

కూరగాయలు పండించిన రైతు దళారీ ప్రమేయం లేకుండా వాటిని తానే వినియోగదారుకు అమ్ముకునేందుకు పట్టణాల్లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన మార్కెట్టే రైతు బజారు. నారా చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం మొదలైంది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ దీన్ని మార్కెటింగ్ శాఖ ద్వారా కొనసాగిస్తున్నాయి. హైదరాబాద్‌లో మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, విశాఖపట్నంలో ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార బజార్లు పేరున్నవి.

పండించినవారే అమ్మడం తెలుగునాట కొత్త కాదు. కోస్తాలో సంత, తెలంగాణలో అంగడి వారానికోసారి ఆ పని చేస్తూనే వచ్చాయి. అరకు, పాడేరు ప్రాంతాల్లో గిరిజన రైతులకు ఈనాటికీ వారపు సంతే ఆధారం. పట్టణాలు పెరిగి కూరగాయలు రోజూ కావలసివచ్చాక టోకు మార్కెట్లూ, వాటితోపాటు కమీషన్ ఏజెంట్లూ వచ్చారు. నిజాం పాలనలో 1930 నాటి హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం, మద్రాసు ప్రెసిడెన్సీలో 1933 నాటి వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ 1966లో చేసిన మార్కెట్ల చట్టం కాటాకూ వేలానికీ ఒక పద్ధతి తెచ్చాయి.

అయితే ఆ పద్ధతి పత్తి, మిర్చి, వేరుశనగ రైతులకు అక్కరకొచ్చినంతగా కూరగాయల రైతులకు రాలేదు. మిర్చికి ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగొచ్చు. తెల్లవారుజామున కోసిన తోటకూర మధ్యాహ్నానికే వడలిపోతుంది, దాన్ని తిరిగి ఇంటికి మోసుకుపోయి చేసేదేమీ లేదు. విత్తనాలకూ ఎరువులకూ అప్పిచ్చింది ఆ ఏజెంటే అయినప్పుడు సరుకు మరో కొట్టుకు తీసుకెళ్లే దారీ ఉండదు. కమీషన్, హమాలీ, తరుగు పోను తక్‌పట్టీలో (అమ్మకపు లెక్కల చీటీలో) మిగిలినదే రైతు సొమ్ము. అదే సరుకు వీధి చివరి కొట్టుకు చేరేసరికి రెట్టింపు ధర పలికేది. రైతు బజారు పుట్టింది ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే.

దారి చూపింది పంజాబ్. అక్కడి మండీ బోర్డు 1987లో చండీగఢ్‌లో రైతులే నేరుగా అమ్ముకునే ‘అప్నీ మండీ’ని ప్రారంభించింది. 1998 చివర్లో ఉల్లి ధర దేశమంతటా చుక్కలనంటింది. ఢిల్లీ, రాజస్థాన్ ఎన్నికల్లో అధికార పక్షం ఓటమికి అదీ ఒక కారణమని అప్పట్లో విస్తృతంగా చెప్పుకున్నారు. తెలుగునాట రైతు బజార్లు తెరుచుకున్నది ఆ తర్వాత కొద్ది వారాలకే.

బజారు నడిచే తీరులో రెండు విషయాలు కీలకం. మొదటిది గుర్తింపు కార్డు. రెవెన్యూ, వ్యవసాయ, ఉద్యాన శాఖల సిబ్బంది పొలం చూసి, ఏ పంట ఎంత వేశారో రాసుకున్నాకే రైతుకు కార్డు ఇవ్వాలి. రెండోది ధర. టోకు ధరకన్నా 25 శాతం ఎక్కువగా, బయటి చిల్లర ధరకన్నా 25 శాతం తక్కువగా ఉండాలన్నది మొదటినుంచీ ఉన్న సూత్రం. టోకులో కిలో 20 రూపాయలు, వీధిలో 40 ఉన్న వంకాయలకు ఈ లెక్కన 25కూ 30కీ మధ్య ధర పడుతుంది. రైతుకు కిలోకు కనీసం 5 రూపాయలు ఎక్కువ వస్తే, కొనేవారికి కనీసం 10 మిగులుతాయి. రోజూ పొద్దున్నే బజారు బాధ్యతలు చూసే ఎస్టేట్ ఆఫీసర్ టోకు ధరలు తెలుసుకుని, రైతులతో మాట్లాడి ఆనాటి ధరలు ఖాయం చేస్తారు. గేటు దగ్గరి బోర్డు మీద రకాలవారీగా వాటిని రాస్తారు. సంచీ పట్టుకుని వచ్చినవాళ్లు ముందు ఆగేది ఆ బోర్డు దగ్గరే. స్టాలుకు గానీ కాటాకు గానీ రైతు అద్దె కట్టనక్కరలేదు, మార్కెట్ రుసుమూ లేదు. పల్లెల నుంచి గంపలు తేవడానికి ఆర్టీసీ బస్సులు నడిపారు, డ్వాక్రా మహిళా సంఘాలకు చోటిచ్చారు. అరెకరంలో గోంగూర, చుక్కకూర వేసుకునే ఆడవాళ్లు తమ కట్టల ధర తామే చెప్పి, డబ్బు అప్పటికప్పుడే తమ చేతికి తీసుకోవడం ఈ పథకం సాధించిన అసలైన మేలని చెప్పాలి.

పొరుగు రాష్ట్రమైన తమిళనాడూ ఈ బాట పట్టింది. కరుణానిధి ప్రభుత్వం 1999 నవంబర్ 14న మదురైలో తొలి ‘ఉళవర్ సందై’ తెరిచింది.

కాలక్రమంలో ప్రభుత్వాలు రైతు బజారును ధరలు మండినప్పుడు అత్యవసర మార్గంగానూ వాడుకున్నాయి. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇక్కడే ఉల్లిని కిలో 25 రూపాయలకు అమ్మించింది, జనం గంటల తరబడి బారులు తీరారు. 2023లో టమాటా కిలో వంద దాటినప్పుడు 50 రూపాయలకు ఇచ్చింది. 2020 కరోనా లాక్‌డౌన్‌లో బజార్లను మైదానాలకు విస్తరించి, వాహనాల్లో కూరగాయలను కాలనీలకు పంపారు.

బజారును లోపలినుంచి తినేస్తున్నది బినామీల బెడద. టోకు మార్కెట్‌లో సరుకు కొని, రైతు పేరిట ఉన్న కార్డుతో అమ్మే వ్యాపారులు చాలాచోట్ల చేరారన్నది పాత ఫిర్యాదు. ఏటా పొలాలు చూసి కార్డులు సరిచూడకపోతే మిగిలేది ప్రభుత్వ స్థలంలో నడిచే మామూలు చిల్లర మార్కెట్టే. దీనికి తోడు నగరాలు పొలాలను మింగేస్తున్నాయి. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు కూరగాయలు పండిన నేలలు వెంచర్లయ్యాయి. మెహిదీపట్నానికి సరుకు తెచ్చే చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు కూడా ప్లాట్ల హద్దురాళ్లు పడుతున్నాయి. దగ్గరి పొలం పోయేకొద్దీ రైతు మరింత దూరం నుంచి, మరింత రవాణా ఖర్చుతో రావాలి. ఆ ఖర్చు భరించలేని చిన్న రైతు మళ్లీ కమీషన్ కొట్టుకే సరుకు వేస్తున్నాడు.