ధాన్యపు దారిలో కిటికీ ప్రక్కన

సకలేశపురపు కనుమలను చూచుటకై బెంగళూరు నుండి మంగళూరు పోవు పగటిబండిలో అద్దాల పెట్టెకు టిక్కెట్టు కొనుట నేడు మన యిండ్లలో వాడుకయైనది. ఆ పెట్టె 2021 జూలైలో వచ్చినది. అంతకు మునుపే 2017లో విశాఖపట్టణము నుండి అరకు పోవు బండికి ఇట్టి పెట్టెను తగిలించిరి. సెలవులలో అక్కడికి పోయి వచ్చిన కుటుంబములును మనలో కలవు. కొండలను చూచుటకే రైలెక్కు ఈ వేడుకను మేము తప్పుపట్టము. అయితే పుట్టింటికిని, పెండ్లికిని, పుష్కరములకును ఏండ్ల తరబడి మనము పోవుచున్న గుంతకల్లు–గుంటూరు దారి చూడదగినదని ఎందరికి తోచినది? దానిని మనము నిద్రలో దాటుచున్నాము.

వేడుక కొరకు వేసిన దారి కాదది. ఆ మాటకు వచ్చిన, అరకు దారియును బైలడిల ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చుటకు వేసినదే. మన దారి పుట్టుక మరింత దారుణమైనది. 1876–78 సంవత్సరముల కరవు బళ్ళారి, కర్నూలు, కడప మండలములను, మైసూరు సంస్థానమును ఊడ్చివేసెను. మదరాసు నుండి గుత్తి మీదుగా రాయచూరు పోవు పెద్ద లైను 1871 నాటికే పూర్తియైయున్నది. కాని స్టేషనులో దిగిన గింజను లోపలి పల్లెలకు చేర్చుటకు ఎద్దులు కావలెను. మేత లేక ఎద్దులు మనుష్యులకంటె ముందే పోయినవి. 1880లో కరవు కమీషనువారు దేశమున వెంటనే 5,000 మైళ్ల రైలుదారి అవసరమని వ్రాసిరి. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడెను. బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే అను పేర కృష్ణా డెల్టాను దత్తమండలములతో కలుపు మీటరుగేజి లైను ఆ దశాబ్దిలోనే నల్లమలను దాటినది. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట కట్టినందున పండిన వడ్లు కరవు సీమకు చేరవలెనన్నది దాని ఉద్దేశము. గుంతకల్లు నుండి మైసూరు సరిహద్దు వరకు లైను 1893లో తెరచిరి. దానితో మన బెంగళూరును ఆ దారికి అంటినది.

అంతకు అరువదేండ్ల ముందు ఈ అడవులు దాటుట యెట్టిదో తెలియగోరువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను చదువవచ్చును. మదరాసు సుప్రీముకోర్టులో ఉద్యోగియైన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, కడప, అహోబిలము, శ్రీశైలము మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. పల్లకీ, బోయీలు, డేరాలు, వంటవారు, దారిబత్తెము: ఇన్ని ఉన్నవానికిగాని దేశము చూచు భాగ్యము లేదు. మూడవ తరగతి టిక్కెట్టు కొన్న రైతునకు సహితము అది లభించుట రైలు చేసిన మేలు. కంపెనీవారు దానిని తలపెట్టలేదు. అది తనంత తానే వచ్చినది.

ఇక దారి సంగతి. దొడ్డబళ్ళాపురము దాటిన తరువాత మాకళిదుర్గము వద్ద బండి కొండలను చుట్టుకొని దిగజొచ్చును. బెంగళూరు మెట్ట విడిచి పెన్న పుట్టిన సీమలో ప్రవేశించుట అక్కడనే. నంది కొండల చెంత పుట్టిన ఈ యేరు గౌరిబిదనూరు, హిందూపురము ప్రాంతముల మీదుగా ఉత్తరమునకు సాగి, తూర్పునకు తిరిగి, నెల్లూరు దాటి సముద్రమున కలియును. వానకాలమున తప్ప నీటిని చూచుట అరుదు, ఇసుకనే యేరనుకొనవలెను. గౌరిబిదనూరులో పలక మీది అక్షరములు కన్నడము, టీ అమ్మువాని పలుకు తరచుగా తెలుగు. సరిహద్దు గీత గీచినవారి కంటె అతడే ఈ సీమను బాగుగ ఎరుగును. హిందూపురమునకు దాపున లేపాక్షి. పిమ్మట పెనుకొండ: 1565 యుద్ధము తరువాత విజయనగర ప్రభువులు తలదాచుకొన్న కొండ, బండిలోనుండియే కనబడును.

గుంతకల్లు దాటి తూర్పునకు మళ్లిన పిదప ద్రోణాచలము, నాపరాతి గనుల బేతంచెర్ల, పాణ్యము, నంద్యాల. దత్తమండలమను పేరు విడిచి రాయలసీమ యను పేరు పెట్టుకొన్నది 1928లో ఈ నంద్యాల సభలోనే. ఆ పేరు సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారు. గాజులపల్లె దాటగానే అడవి మొదలగును. చలమ, బొగద, దిగువమెట్ట. మీటరుగేజి రోజులలో బండి దొరబావి వద్ద లోయపై ఎత్తయిన ఇనుప వంతెన మీద మెల్లగ పోవుచుండెడిది. ఇంటి నుండి తెచ్చిన పులిహోర పొట్లములు విప్పినవారు సైతము చేయి ఆపి క్రిందికి చూచెడివారు. 1990ల దశాబ్దిలో లైనును వెడల్పు చేసినపుడు దారి మార్చిరి. ఆ వంతెన వాడుక తప్పినది.

2020 మార్చిలో దేశమంతట పాసింజరు బండ్లు నిలిచిపోయెను. ఆ యేడే 200 కిలోమీటర్లకు మించి పోవు పాసింజర్లను ఎక్స్‌ప్రెస్సులుగ మార్చ రైల్వేవారు నిశ్చయించిరి. అంతకు ముందు బెంగళూరు నుండి విజయవాడకు పాసింజరు బండి ఈ దారిని నడిచెడిది. దానిని తిట్టుకొననివారు లేరు, మేమును తిట్టుకొన్నవారమే. కాని ప్రతి చిన్న స్టేషనులోను ఆగుటచేత అది ప్రతి పేరును చదివించెడిది. 2023 సెప్టెంబరు నుండి కాచిగూడకు పోవు వందే భారత్ పగటిబండియే. అనంతపురము, కర్నూలు మీదుగా పోవును, నల్లమల దాని దారిలో లేదు. గుంటూరు వైపు పోవు మన బండ్లలో పెక్కు ఆ అడవిని చీకటిలో దాటును.

ఇందు నష్టపడువారు మన పిల్లలు. ఈ నగరమున వారికి తెలుగు అక్షరములు కంటబడు తావులు కొద్ది. తాతగారి ఊరు వారికి కన్ను తెరచునప్పటికి వచ్చు స్టేషను మాత్రమే. కొందరు తలిదండ్రులు నంద్యాలలో రాత్రి బస చేసి, ఉదయపు బండిలో గిద్దలూరు వరకు పోయి వచ్చుచున్నారని వినుచున్నాము. కిటికీ ప్రక్కన పిల్లవానిని కూర్చుండబెట్టి పలకలు చదువుమన్న చాలును. చలమ యనగా ఇసుకలో నీటికై త్రవ్వుకొన్న గుంట. దొరబావి అర్థము వాడే చెప్పును. దిగువమెట్ట వచ్చినపుడు బండి కనుమ దిగినదని వానికి వేరుగ చెప్పనక్కరలేదు.