జన విజ్ఞాన వేదిక

తెలుగునాట సైన్సును బడి గోడలు దాటించి వీధిలోకి తెచ్చిన స్వచ్ఛంద సంస్థ జన విజ్ఞాన వేదిక. 1988 ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు పుట్టింది. నడిపేవాళ్లలో ఉపాధ్యాయులదే పెద్ద చెయ్యి.

అంతకు ముందు ఏడాదే దేశమంతటా భారత జన విజ్ఞాన జాతా సాగింది. ఐదు దిక్కుల నుంచి బయలుదేరిన కళాబృందాలు నవంబరు 7న, సి.వి. రామన్ పుట్టినరోజున, భోపాల్‌లో కలిశాయి. అక్కడ గ్యాస్ దుర్ఘటన జరిగి అప్పటికి దాదాపు మూడేళ్లు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1962 నుంచే ఈ దారిలో ఉంది. మన దగ్గర నాస్తికవాది గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. వేదిక మాత్రం దేవుడున్నాడా లేడా అన్న వాదన కన్నా చేసి చూపించడాన్నే నమ్ముకుంది.

చూపించేదేమిటంటే, కొబ్బరికాయ పీచులో పొటాషియం పర్మాంగనేట్ దాచి, నెయ్యి అంటూ గ్లిజరిన్ పోస్తారు. కాసేపటికి పొగ లేచి, భగ్గున మండుతుంది. మంత్రమేమీ లేదని వెంటనే గుట్టు విప్పుతారు. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడటం దిష్టి తీసే ప్రతి ఇంటికీ తెలిసిందే, కారణం అడిగేవాళ్లే తక్కువ.

1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రవేత్తలు జపాల్-రంగాపూర్ వేధశాలకు చేరితే, జనం తలుపులు బిగించుకున్నారు. తర్వాతి కాలంలో గ్రహణమొస్తే వేదిక కార్యకర్తలు సౌర కళ్లద్దాలు పంచి, అందరి ముందూ టిఫిన్ తిని చూపించారు.

వేదిక పేరు నిలబెట్టింది మాత్రం అక్షరాస్యత ఉద్యమం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో చదువు నేర్పడానికి వేదిక వాళ్లు ఊరూరా తిరిగారు. ఆ రాత్రి బడుల్లోనే ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంట అనే ఊరి నుంచి రాజుకున్న ఉద్యమం 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. ప్రయోగశాలకు ఆమడ దూరంలో జరిగిన ఈ పనే వేదిక చరిత్రలో అన్నిటికన్నా పెద్దదనాలి.

పిల్లల కోసం ‘చెకుముకి’ పత్రిక, ఆ పేరుతోనే మండలం నుంచి రాష్ట్రం దాకా పోటీలు నడుస్తున్నాయి.

వేదిక చూపించే తీరులోనే, డోన్ ఊరి పిల్లలు తామే చేసి చూడగల పైసా ఖర్చు లేని ప్రయోగం ఒకటుంది. మే 2 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండుంబావుకి ఎండలో కర్ర నిటారుగా పాతితే నీడ కనిపించదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. అప్పుడు చూడలేకపోయినవాళ్లకు ఆగస్టు 10 ప్రాంతంలో, మబ్బు పట్టకపోతే, మరో అవకాశం ఉంది.